డిస్కులో దాచిన ప్రార్థన

"నీ అప్‌గ్రేడ్ తగలెయ్య! బాగున్న కంప్యూటర్‌ని కొత్తది చెయ్యమని ఎవరన్నారే నిన్ను?"

"నేను సరదాకి చేసినానా అవ్వా? పాత సిస్టమ్ ఇంక పనికిరాదని అదే రోజూ చెప్తా ఉండె. అయినా తాత గొంతు నా ఫోన్లో ఉండింది గదా. తీసేయించింది ఎవురు? ఒకటే వస్తువు రెండు చోట్ల దేనికి, దండగ అన్నది ఎవురు?"

"అన్నాను. డిస్కులో ఉండాది గదా అని అన్నాను. నువ్వు దాన్ని చంపేస్తావని నాకేం తెలుసు?"

"అది చావలా! కంప్యూటర్‌కి కనపడటంలా, అంతే!"

మనవరాలు డిగ్రీ చదువుతోంది. నేను మూడో తరగతితో బడి మానినదాన్ని. ఆ మధ్యాహ్నం ఇద్దరం ఒకే బల్ల ముందు కూర్చుని వీధిలోకి వినపడేలా అరుచుకున్నాం. తెల్లవారితే మా ఆయన పోయి ఏడాది. పొద్దున్నే ఇంట్లో జ్ఞాపకార్థ కూటం, సంఘం వాళ్లంతా వస్తారు. ఆయన చేసిన కుటుంబ ప్రార్థనను ఒక సాయంత్రం మనవరాలు ఫోన్లో రికార్డు చేసింది. ఆయన గొంతు మిగిలింది అదొక్కటే. కూటంలో వినిపిస్తామని పాస్టరుగారికి నేనే మాటిచ్చాను.

ఆ ఫోను నిండిపోయిందని, వేరేది కావాలని మనవరాలు అడిగినప్పుడు, కొనేది లేదని చెప్పి, ఉన్నవన్నీ కంప్యూటర్‌కి వైరుతో తగిలించే డిస్కులోకి తోయించాను. మాది ఉప్పుగాలి ఊరు. మేకు కొడితే ఏడాదికి తుప్పై రాలుతుంది. అందుకని డిస్కును పాత పంచెముక్కలో చుట్టి బియ్యం డబ్బాలో దాచాను. దాని వైరు మాత్రం విడిగా ఎక్కడో పెట్టాను. ఎక్కడో గుర్తు లేదు. మనవరాలు ఫోను చార్జింగు వైరు తెచ్చి గుచ్చింది. డిస్కు కంతలో అది ఒక పక్కకి సరిగ్గా పట్టింది. నీలం లైటు వెలిగింది. కంప్యూటర్లో మాత్రం ఏమీ రాలేదు.

గూడూరులో కంప్యూటర్లు బాగుచేసే ఆయనకు ఫోను చేశాం.

"వైరు సరైందేనా అమ్మా?" అని అడిగాడు.

మనవరాలు నోరు తెరిచేలోపే నేను చెప్పాను. "లైటు ఎలగతా ఉండాది గదయ్యా, వైరుకేం? బ్రహ్మాండంగా ఉండాది."

"అయితే కొత్త సిస్టమ్‌తోనే వచ్చింది తంటా. పాతదానికి వెనక్కి తిప్పి చూడండి."

తిప్పింది. వైరును అటు గుచ్చి, ఇటు గుచ్చి, ఆపి, మళ్లీ వేసి చూసింది. దీపాలు పెట్టే వేళ దాకా అదే పని. చివరికి కీబోర్డు మీద తల పెట్టుకుని ఏడ్చింది.

"ఏడిస్తే వస్తాదా? లెయ్, మొహం కడుక్కో" అన్నాను. అంతకుమించి ఓదార్చడం నాకు చేతకాదు.

వంటింట్లోకి పోయి, ఆయన గొంతును తలుచుకుందామని చూశాను. ఆయన అన్న మాటలన్నీ వరసగా గుర్తొచ్చాయి. గొంతు రాలేదు. ఏడాదికే పోయింది. పొయ్యి ముందు ఎంతసేపు నిలబడ్డానో, పప్పు అడుగంటింది.

తెల్లవారింది. కూటానికి చాపలు దించమన్నాను. మనవరాలు అటక మీది నుంచి ఒక్కొక్కటే అందిస్తూ ఆగిపోయింది.

"అవ్వా, ఈ చాపకి కట్టింది ఏంది?"

పొట్టి నల్ల వైరు. ఒక కొస వెడల్పుగా, చదునుగా ఉంది. మా ఇంట్లో తాడు ముక్క కూడా పారేయను. దాన్ని చాప చుట్టకు బిగించి కట్టింది నేనే.

మనవరాలు చాపతో సహా కిందికి దిగింది. ముడి విప్పి, వైరు తుడిచి, డిస్కుకు గుచ్చింది. కంప్యూటర్లో డిస్కు వచ్చేసింది.

"చార్జింగు వైరు ఉత్త కరెంటే మోసింది అవ్వా. లోపలుండేది మొయ్యలా" అంది.

అప్‌గ్రేడ్ తప్పేమీ లేదు. ఆ పిల్ల తప్పూ లేదు. ఎవరూ రాకముందే ఇద్దరం ఆయన ప్రార్థన విన్నాం.

"రొయ్యల గుంటల కాడ పనిచేసే పిలకాయల్ని కాపాడు తండ్రీ. పక్కింటోళ్ల బర్రెని సులువుగా ఈనించు. పాప పరీక్షలకి తోడుండు. ఇంక మా ఇంటిదానికి..."

అక్కడ రికార్డులోనే నా గొంతు అడ్డొచ్చింది. "ఇంక ఆమేన్ అనయ్యా! ఊరందరికీ అడగతానే ఉండావు. ఆడ ఉత్త గదిలో ఫ్యాను తిరగతా ఉండాది, ఈడ కూడు ఆరిపోతా ఉండాది."

ఆయన నవ్వాడు. "సరేమే. ఆమేన్."

అంతే ఉంది. మనవరాలిని ఇంకోసారి పెట్టమన్నాను. రెండోసారీ 'మా ఇంటిదానికి' దగ్గరే ప్రార్థన ఆగింది.

కూటంలో పాస్టరుగారు, "వినిపించమంటారా అమ్మా?" అని అడిగారు. వినిపించమన్నాను. నా అరుపు దగ్గర అందరూ నవ్వారు. నేను చాప మీద తల వంచుకుని కూర్చున్నాను. అందరూ వెళ్లాక, దాన్ని ఫోన్లో కూడా వెయ్యమని మనవరాలికి చెప్పాను. వేసింది. చాపలు దులిపి, చుట్టి, కొబ్బరి తాడుతో కట్టి అటకెక్కించాం.