దసరా బొట్లు పెట్టిన ఆరు సీడీలు

ఆ ఆదివారం గుణదలలో మా ఇంటి ముందుగదిలో ఉన్నవాళ్ళు: నేను, అమ్మ, అమ్మ తమ్ముడైన మావయ్య, వాళ్ళిద్దరి నాన్న, అంటే మా తాతయ్య. ఉన్న వస్తువులు: నా కంప్యూటర్, మూత విప్పిన మావయ్య కంప్యూటర్, ఒక వీడియో క్యాసెట్, ఆరు సీడీలు, తాతయ్య ఒళ్ళో పలక. లేనిది తాతయ్య గొంతు.

తాతయ్య బందరు రేవులో నలభై ఏళ్ళు చేపల వేలంపాట నడిపాడు. ఆయనకు మైకు అక్కర్లేదు. ఒడ్డున పాట మొదలుపెడితే ఇంకా నీళ్ళలో ఉన్న పడవలకు కూడా ధర తెలిసిపోయేది. 2005లో గొంతులో పుండు ముదిరితే ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. మనిషి దక్కాడు. అప్పటినుంచి మెడ మీది రంధ్రంలోంచి ఊపిరి తీసుకుంటాడు, పలక మీద మాట్లాడతాడు. 2007లో, ఆ ఆదివారానికి నెల ముందు, పలక మీద రాసి నాకొక్కడికే చూపించాడు: "నా గొంతు ఒకసారి వినాలి. మర్చిపోతున్నాను."

అది ఎక్కడుందో నాకు తెలుసు. 2003 వేసవిలో బందరులో మావయ్య కూతురి ఓణీల ఫంక్షన్ జరిగింది. స్నేహితుడి హ్యాండీక్యామ్ అడిగి తెచ్చి నేను పద్నాలుగు క్లిప్పులు తీసి, నా కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని కెమెరా, టేపు తిరిగిచ్చేశాను. పన్నెండో క్లిప్పులో తాతయ్య షామియానా మధ్య నిలబడి, వేలంపాట గొంతుతోనే జనాన్ని భోజనాలకు పిలిచాడు. ఏ వీధివాళ్ళు ఏ బంతిలో కూర్చోవాలో వరసపెట్టి నాలుగు నిమిషాలు పిలిచాడు. నాకు ఆ నాలుగు నిమిషాలు కావాలి.

"ఇన్ని తంటాలెందుకురా, స్టూడియోవాళ్ళ క్యాసెట్ ఉందిగా?" అన్నాడు మావయ్య.

పెట్టి చూపించాను. షామియానా మధ్య తాతయ్య నోరు కదులుతోంది, చెయ్యి ఊగుతోంది. వినిపించేది మాత్రం సినిమా పాట. మా వైపు వీడియో స్టూడియోలు మిక్సింగ్ అనే పేరుతో చేసే ఘనకార్యం ఇదే. మనుషుల మాటలన్నీ చెరిపేసి మొదటి నుంచి చివరిదాకా పాటలు పరుస్తారు. పిల్ల అప్పగింతల్లో ఏడ్చినా పాటే, ముసలివాళ్ళు దీవించినా పాటే. పైగా ఏ పాటలు కావాలో జాబితా మనమే రాసిస్తాం. ఈ ఫంక్షన్‌కి రాసిచ్చింది మావయ్యే.

ఆ పాట పాడుతున్నది ఆడగొంతు. తాతయ్య చూసి చూసి పలక మీద రాశాడు: "నాకు బాగానే నప్పింది." మావయ్య పగలబడి నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది.

సీడీలు తీశాను. క్లిప్పులన్నీ ఫంక్షన్ అయిన వారానికే ఆరు సీడీల్లోకి ఎక్కించి, పైన స్కెచ్ పెన్నుతో వివరాలు రాసి, జాగ్రత్తగా దాచమని అమ్మకిచ్చాను. అమ్మ దృష్టిలో జాగ్రత్త అంటే దేవుడి గది. అక్కడున్నందుకు నాలుగు దసరాలకూ ఆయుధపూజలో కత్తిపీట, కుట్టుమిషను, నా స్కూటర్ తాళాలతో పాటు వీటికీ గంధం, కుంకుమ పెట్టింది. పెట్టింది మెరిసే వైపు.

"అమ్మా, అటువైపు ఎందుకు పెట్టావ్?"

"ఇటువైపంతా నీ రాత ఉందిగా. అక్షరాలు చెరిగిపోతే మళ్ళీ నువ్వే అరుస్తావ్."

"మరి ఈ గీతలేంటి?"

"పాత బొట్టు మీద కొత్త బొట్టు పెడతామేంట్రా? ఏటా శుభ్రంగా పీచుతో తోమే పెట్టాను."

కొబ్బరి పీచుతో, చింతపండు వేసి, ఇత్తడి కుందులతో కలిపి తోమింది. నేను అరిచాను. చదువుకున్నదానివి కాదా అన్నాను. అమ్మ ముప్పయ్యేళ్ళు బడిలో పాఠాలు చెప్పింది. ఆమె లోపలికి వెళ్ళి తాతయ్యకు జావ తెచ్చింది.

ఐదు సీడీలు పెట్టగానే గరగరలాడి బయటికొచ్చాయి. ఆరోది తెరుచుకుంది. దాని మీద నా ముత్యాల్లాంటి అక్షరాలు: "క్లిప్పులు 12, 13, 14. సరిచూడబడినవి." లోపల ఒకే ఒక్క ఫైలు ఉంది. సైజు ముప్పై ఎనిమిది కేబీ. అందులో వీడియో లేదు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తన లైబ్రరీలో ఏ క్లిప్పు ఏ ఫోల్డర్లో ఉందో రాసుకున్న జాబితా అది. క్లిప్పులు కాపీ చేస్తున్నాననుకుని నేను ఆ జాబితాను కాపీ చేశాను. తెరిచి చూడకుండానే సరిచూసినట్టు రాసుకున్నాను.

మావయ్య నా భుజం మీదుగా తొంగి చూశాడు. "ఏంట్రా ఇంజినీరూ, ఇక్కడా బొట్టే అడ్డొచ్చిందా?"

ఆ మాట అనే హక్కు ఆ గదిలో మావయ్యకు అందరికంటే తక్కువ. అసలు క్లిప్పులున్న నా పాత కంప్యూటర్‌ను పిల్లల చదువుకని 2004లో పట్టుకెళ్ళింది ఆయనే. ఫంక్షన్ ఫోల్డర్ డిలీట్ చెయ్యొద్దని ఇచ్చేటప్పుడు చెప్పాను. చెప్పింది చాలదని చీటీ రాసి మూతకు అంటించాను. ఆ చీటీ ఆ ఆదివారం కూడా దాని మీదే ఉంది.

"మరి ఫోల్డర్ ఏది?" అన్నాను.

"నేనేం డిలీట్ చేయలేదురా. స్లో అయిందంటే గవర్నర్‌పేట షాపులో ఇచ్చి ఫార్మాట్ కొట్టించాను, అంతే."

"ఫార్మాట్ కొడితే అన్నీ పోతాయి మావయ్యా!"

"ఆ ముక్క చీటీలో రాయలేదే?"

నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన కూతురి ఫంక్షన్, ఆయన తండ్రి గొంతు, పైన కొత్తగా నింపుకున్న సినిమాలు అరవై రెండు. తాతయ్య అరచేత్తో పలక మీద గట్టిగా కొట్టాడు.

ఆ డిస్కును నా కంప్యూటర్‌కు తగిలించి, చెరిగిపోయిన ఫైళ్ళను వెతికే సాఫ్ట్‌వేర్ నడిపించాను. రెండు గంటలయ్యాక కరెంటు పోయింది. స్కాన్ మళ్ళీ మొదటికొచ్చింది. సాయంత్రం ఐదింటికి ఫలితం తేలింది. పెద్ద ఫైళ్ళు డిస్కులో ముక్కలు ముక్కలుగా సర్దుకుంటాయి. ఆ ముక్కల మీద సినిమాలు కూర్చున్నాయి. పన్నెండోదానితో సహా క్లిప్పుల పేర్లే మిగిలాయి. పదమూడోది ఒక్కటే, చిన్నది కాబట్టి ఒకే చోట ఇమిడి, దెబ్బ తగలకుండా ఉండిపోయింది.

నొక్కాను. అరిటాకులు, వంగి తింటున్న మనుషులు, వాళ్ళ మీద నా కెమెరా లైటు. ఎక్కడో వెనకనుంచి ఆ గొంతు గదంతా నిండిపోయింది.

"ఒరేయ్! అన్నం తినేవాళ్ళ మొహాల మీద ఆ దీపం ఏంట్రా? ఆపు. ఆపమంటే ఆపవేం? ముందు నువ్వొచ్చి బంతిలో కూర్చో!"

తెర నల్లబడింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మావయ్య కిటికీ వైపు తిరిగాడు.

తాతయ్య రాశాడు: "ఇది కాదు. బంతికి పిలిచింది పెట్టు."

"అది పోయింది తాతయ్యా. ఇదొక్కటే ఉంది."

ఆయన నా వైపు చూశాడు. ఆ చూపుకు మావయ్యను చూపించాలనిపించింది, అమ్మను చూపించాలనిపించింది. చేతిలో ఆరో సీడీ ఉంది. ఆ రోజు ఆపమన్నప్పుడు ఇంకాసేపు ఆపకుండా ఉండాల్సింది. ఎప్పుడూ ఎవరి మాటా వినని నేను ఆ ఒక్కసారి విన్నాను.

తాతయ్య పలక తుడిచి ఒక్క మాట రాశాడు: "మళ్ళీ."

చీకటి పడేలోపు ఆ క్లిప్పు ఇరవై ఆరు సార్లు వేశాను. దాని నిడివి పదకొండు సెకన్లు.