వెనక బెంచీలో దగ్గు

ఇందుమూలంగా బ్రూస్‌పేట వాసులందరికీ తెలియజేయడమేమనగా: కొత్తిమీర కట్టలో గడ్డి దూర్చి అమ్మే బండివాళ్లు ఇకమీదట మా వీధిలోకి నిర్భయంగా రావచ్చు. కొళాయి దగ్గర వరుస తప్పించి బిందె పెట్టేవాళ్లను అడిగే నాథుడు లేడు. చర్చిలో వెనక బెంచీ, గోడవైపు చోటు ఖాళీ అయింది, ఎవరైనా కూర్చోవచ్చు. మా మేనత్త పోయింది.

మా సంఘంలో ఎవరైనా పోతే, సమాధికి తీసుకెళ్లేముందు దగ్గరివాళ్లు ఒకరు చర్చిలో లేచి ఆ మనిషి గురించి నాలుగు మాటలు చెప్పాలి. చివర్లో, ఆ మనిషి పోతూ పోతూ అన్న ఆఖరి మాట చెప్పాలి. అది వినకపోతే జనానికి కూటం ముగిసినట్టుండదు. మా అత్త ఏ చావు కూటమూ తప్పేది కాదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, చెప్పేవాడి నోట అబద్ధం రాగానే దగ్గేది. గొంతులో మెతుకు అడ్డం పడినట్టు చిన్న దగ్గు. పెద్ద అబద్ధానికి కాస్త పెద్దది.

ఒకసారి సైకిల్ షాపు ముసలాయన పోయాడు. అడిగినవాళ్లకు లేదనని చెయ్యి అని కొడుకు పొగుడుతుంటే అత్త దగ్గు ఆగలేదు. ఇంటికి నడుస్తూ అడిగాను.

"ఏందత్తా, చచ్చినోణ్ణి కూడా వదలవా?"

"ఆయప్ప పిసినిగొట్టు. గాలి కొట్టే పంపు ఇంకొకరిని ముట్టనిచ్చేటోడు కాదు. అయినా నా గొడుగు ఇరిగిందని తెలిసి, వానలో తడుస్తా వచ్చి, సైకిల్ చక్రం పుల్ల పెట్టి కట్టిపోయినాడు. అది ఎవురన్నా చెప్పిరా? అంతా సుళ్ళు. పొగడతా పొగడతా ఇంకెవురినో పూడ్చి వస్తారప్పా. మన మనిషి యాడికి పోయినట్టు?"

సుళ్ళంటే అబద్ధాలు. మాది కన్నడ సీమలోని ఊరు, కోపమొస్తే ఆమె నోటికి కన్నడమే ముందొచ్చేది.

నేను ఎనిమిదో క్లాసుతో చదువుకు దణ్ణం పెట్టినవాణ్ణి. ఆ తర్వాత నా విద్యంతా చిలిపి పనుల్లోనే చూపించాను. ఒక ఆదివారం ఆమె బైబిలు సంచిలో రబ్బరు బల్లి పెట్టాను. కీర్తన మధ్యలో చెయ్యి పెట్టింది. అరవలేదు, రాగం కూడా తప్పలేదు. మరుసటి ఆదివారం ఆమె వడ్డించిన బొరుగుల ఉగ్గాని సగం తిన్నాక, అడుగున అదే బల్లి.

"కడిగే పెట్టినాలే. తిను."

ఈ ఎండాకాలం మంచం పట్టాక ఒక సాయంత్రం నన్ను దగ్గరికి పిలిచింది.

"నేను పోతే నువ్వే మాట్లాడాల."

"నాకు మాట్లాడేది యాడొస్తాదత్తా?"

"తిట్టేది వస్తాది కదా, సాలు. ఒక్క సుళ్ళు చెప్పినా పెట్టెలో నుంచే దగ్గుతా, సూడు."

కాబట్టి ఆమె చావు కూటం రోజు "మా అత్త నోరు మంచిది కాదు" అనే మొదలుపెట్టాను. పాస్టరుగారు ఉలిక్కిపడి తలెత్తారు. కొత్తిమీర బండివాణ్ణి వీధంతా వినేలా తిట్టి, మళ్లీ అతనికే మజ్జిగ తెచ్చిచ్చి, అతను తాగేంతసేపూ మిగిలిన తిట్లు పూర్తిచేసేదని చెప్పాను. ఆ బండివాడు తలుపు దగ్గరే ఉన్నాడు.

"నిజమేనప్పా," అన్నాడు పైకే.

జనం నవ్వారు. నవ్వుతూనే కొందరు ముక్కులు చీదారు. గొడుగు సంగతి చెప్పాను, బల్లి సంగతి చెప్పాను. ఇక ఆఖరి మాట మిగిలింది.

"పోయేముందు నా చెయ్యి పట్టుకోని, 'నీ అల్లరి లేకుంటే నాకు పొద్దే పోకపోయె కదప్పా' అనింది," అన్నాను.

ఆడవాళ్ల కొంగులు కళ్లమీదికి వెళ్లాయి. నేను అక్కడే ఆగిపోయాను. దుఃఖంతో గొంతు పట్టేసిందనుకుని పాస్టరుగారు నీళ్ల గ్లాసు ముందుకు జరిపారు. నాకు నీళ్లు అక్కర్లేదు. నేను వింటున్నాను. పెట్టె వైపు చూశాను, తర్వాత వెనక బెంచీ వైపు. చర్చి అంత కిక్కిరిసినా గోడవైపు చోటులో ఎవరూ కూర్చోలేదు. పైన ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఆ మాట ఆమె అనలేదు. మధ్యాహ్నం నిద్రలోనే పోయింది. పక్కన ఎవరూ లేరు. నేను కంప్లి బస్సులో ఉన్నాను. ఆ చెయ్యి పట్టుకోవడం, ఆ మాట, అన్నీ నేను అల్లినవే. అంత పెద్ద సుళ్ళు చెప్తేనైనా దగ్గుతుందేమోనని.