పట్టీ కింద తాయెత్తు

ధర్మవరంలో ఇరవై ఏళ్లు పట్టుచీరలు నేసిన చౌడేశ్వరి, మోకాళ్లు మొరాయించాక మగ్గం దిగి, పెంపుడు జంతువుల క్లినిక్‌లో సహాయకురాలిగా చేరింది. మత్తులో ఉన్న కుక్కకో పిల్లికో ముంగాలికి బీపీ మిషన్ పట్టీ చుట్టి, ఆపరేషన్ అయ్యేదాకా అంకెలు చూస్తూ ఉండడం ఆమె పని. పట్టీ బిగువు ఆమె చేతికి తెలిసినంతగా డాక్టరుకు కూడా తెలియదు. ఆ మాట ఆమే చెబుతుంది.

ఆవేళ గొర్రెల కాపరి బాలప్ప కుక్కకు కడుపులో గడ్డ తీయాలి. మత్తిచ్చి పట్టీ చుట్టాక, బాలప్ప కుక్కను ఒకసారి నిమిరి బయటికి పోయాడు. కాసేపటికే మిషన్‌కు పిచ్చెక్కింది. ఒకసారి నూట ఎనభై, మరోసారి యాభై. డాక్టర్ ఉదయ్ కుమార్ ముఖం పాలిపోయింది. మత్తు తగ్గించబోయాడు.

"ఆగు సార్! కుక్క బాగుండాది. మిషన్‌దే రోగం," అంటూ చౌడేశ్వరి కుక్క తొడ లోపల నాడి పట్టి చూసింది. నిండుగా, తీరుగా కొట్టుకుంటోంది. పట్టీ విప్పితే రాగి తాయెత్తు జారిపడింది.

"ఏమప్పా బాలప్పా, ఇది యాడిది?"

"నేనే దోపినానక్కా," అన్నాడు బాలప్ప తలుపు సందులోంచి. "మందిచ్చి పండబెట్టినారు, దానికి తోడెవరుండారని. పట్టీ గట్టిగా ఉండాది, పడిపోదనుకున్యా."

"నేనుండేది దేనికి?" అని కసిరి, పట్టీ మళ్లీ చుట్టి, తాయెత్తును మిషన్ పిడికి కట్టింది. అంకె నూట ఇరవై దగ్గర నిలబడింది.

కుట్లు విప్పించుకుని కుక్క మందలోకి పోయింది. తాయెత్తు మాత్రం అక్కడే ఉంది. మొన్న మిషన్ తుడుస్తూ చౌడేశ్వరి దాన్ని విప్పబోతే, ఉదయ్ కుమార్ కంగారుగా అడ్డుపడ్డాడు.

"ఉండనీ అక్కా, దాని మానాన దాన్ని."