ఇద్దరు సాక్షుల పిట్ట

సిగరెట్ తాగడం కంటే తాగుతూ దొరికిపోవడమే పెద్ద పాపమని నమ్మే వయసు ఒకటుంటుంది. ఎనభైల చివర్లో, తెనాలిలో డిగ్రీ చదివేటప్పుడు, నాది సరిగ్గా ఆ వయసు. మా పెదనాన్న బళ్ళో సైన్సు మాస్టారు, చర్చిలో సంఘపెద్ద. ఇద్దరు సాక్షులు లేనిదే సంఘంలో ఏ ఫిర్యాదూ వినేవారు కాదు. పిట్టల్ని వెతికి రాసుకోవడం ఆయన సరదా, వాటికీ అదే చట్టం పెట్టారు. ఎంత అరుదైన పిట్టయినా ఇద్దరు చూస్తేనే ఆయన నోటుపుస్తకంలో నిలుస్తుంది, లేకపోతే కొట్టివేతే. ముక్కు కొసలు ఒకదాన్నొకటి అడ్డంగా దాటే పిట్ట హిమాలయాల్లో ఉందని చదివి, అంత దూరం పోలేక, మన కృష్ణ ఒడ్డున తిరిగే కత్తెర ముక్కు పిట్టతో సరిపెట్టుకున్నారు. దానికి పైముక్కు కంటే కింది ముక్కు పొడవు. నీళ్ళలో ముంచి గీత గీస్తూ ఎగురుతుందట. తొమ్మిది చలికాలాలు వెతికినా కనబడలేదు. తోడు వచ్చేవాళ్ళంతా విసిగి మానేశాక, ఆ డిసెంబరులో రెండో సాక్షిగా నేను దొరికాను.

తెల్లవారుజామున రేపల్లె బండెక్కి, అక్కడ తెలిసినవాళ్ళ సైకిళ్ళు తీసుకుని పెనుమూడి రేవుకి చేరేసరికి మంచులో నదే కనబడటం లేదు. పెదనాన్న మంకీ క్యాప్ సర్దుకుని, నన్ను గట్టు మీద కూర్చోబెట్టి, నీళ్ళ మీదనుంచి చూపు తిప్పొద్దని, దగ్గొచ్చినా మింగెయ్యమని చెప్పి, వంద గజాల అవతల బోర్లా పడుకున్నారు. గంట గడిచింది. కాళ్ళు మొద్దుబారాయి. మెల్లగా పక్కనున్న బోర్లించిన పడవ చాటుకి జారి, మూడు రోజులుగా జేబులో దాచిన సిగరెట్ వెలిగించాను. (మంచులో పొగ కలిసిపోతుందని నా సైన్సు.)

మొదటి దమ్ము లోపలుండగానే అది వచ్చింది. నల్లటి రెక్కలు, నారింజ రంగు ముక్కు, నీళ్ళను కోసుకుంటూ నా ముందునుంచే పోయింది. వెనకాలే గట్టు మీద పరుగున పెదనాన్న. ఆయన పరుగెత్తడం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. సిగరెట్‌ని బురదలో తొక్కేశాను గానీ పొగ ఇంకా నోట్లోనే ఉంది.

"చూశావుగా? నీ ముందునుంచే పోయింది."

అంటూనే నోటుపుస్తకంలో ఒక వరుస రాసేసుకున్నారు. ఔనని తల ఊపితే ఎలా ఉందో చెప్పమంటారు. నోరు తెరిస్తే పొగ వస్తుంది, సాయంత్రానికి సంగతి మా నాన్న దాకా పోతుంది. అడ్డంగా తల ఊపాను.

పెదనాన్న కాసేపు నా మొహంలోకే చూసి, పుస్తకం మళ్ళీ తీసి, అప్పుడే రాసిన వరుసను కొట్టేశారు. మంచు కదా, తనకే ఏదో భ్రమ అయ్యుంటుందన్నారు. ఆ వారమే కంటి డాక్టరు దగ్గరికెళ్ళి కొత్త అద్దాలు వేయించుకున్నారు. మా ఇంట్లో ఎంతకీ రాని బస్సుకి 'పెదనాన్న పిట్ట' అని పేరు పడిపోయింది. అందరితో పాటు నేనూ నవ్వేవాణ్ణి.

ఏడేళ్ళ తర్వాత, బాపట్లలో ఉద్యోగం చేస్తుండగా ఆయన నన్ను చూడటానికి వస్తే, ధైర్యం చేసి అంతా చెప్పేశాను.

"సిగరెట్టు సంగతి నాకు ఆ పూటే తెలుసురా. మంచుకి వాసనుంటుందా?" అన్నారు. "అయితే పిట్టని దాచావన్నమాట."

మళ్ళీ రాయండి, కింద సంతకం చేస్తానన్నాను. సాక్ష్యం ఆ పూటే చెప్పాలని ఒప్పుకోలేదు.

ఇప్పుడాయన లేరు. అందుకే ఇక్కడ రాస్తున్నాను: ఆ పిట్ట వచ్చింది, ఆయన చూశారు, ఆయన కళ్ళు బాగానే ఉన్నాయి. బుగ్గలు ఉబ్బించుకుని తల ఊపుతున్న ఆ కుర్రవాడు గుర్తొచ్చినప్పుడల్లా, నోరు తెరవరా వెధవా, వచ్చేది ఇంత పొగే కదా అనాలనిపించి, నాలో నేను నవ్వుకుంటాను.