బోణీ చెయ్యి

మొన్నటి వానల దాకా, ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే బస్సులో ఎవరినైనా బోణీ రమేష్‌బాబు ఇల్లెక్కడని అడిగితే, దిగాల్సిన స్టాపే కాదు, ఆయన టీలో ఎన్ని చెంచాల చక్కెర వేసుకుంటాడో కూడా చెప్పేవాళ్లు. బోణీ అన్నారు కదా అని ఆయనేదో వ్యాపారస్తుడని అనుకునేరు. కూలికి పోతే తింటాడు, లేకపోతే లేదు. ఆయన చేసే బోణీ వేరు.

రమేష్‌బాబు వాళ్లది సోమశిల డ్యామ్ కింద మునిగిపోయిన ఊరు. తాత మూటాముల్లె సర్దుకుని ఇక్కడికి వచ్చి నలభై ఏళ్లు దాటింది. అయినా ఊరికి వాళ్లు ముంపోళ్లే. పెళ్లిళ్లలో ఆఖరి బంతి, టీ బంకు దగ్గర బల్ల మీద కాదు, పక్కనున్న రాయి మీద చోటు. రమేష్‌బాబు మరీ మెతక. చీమ ఎదురొస్తే పక్కకు తప్పుకుని దోవ ఇచ్చే రకం.

అలాంటివాడికి ఎనిమిదేళ్ల కిందట ఆత్మకూరు బస్టాండులో దశ తిరిగింది. జేబుదొంగ దొరికాడని జనం మూగితే, ఏందో చూద్దామని ఈయనా తొంగి చూశాడు. వెనక నుంచి ఎవరో తోశారు. పడిపోకుండా ఆపుకుందామని చాచిన చెయ్యి నేరుగా పోయి దొంగ చెంప మీద పడింది. ఆ చప్పుడు కోసమే కాచుకున్నట్టు యాభై చేతులు లేచాయి.

ఆ సాయంత్రం బంకు దగ్గర మొదటిసారి ఆయన్ని మనోడన్నారు. మొదట కొట్టింది మనోడేనంట అని చెప్పుకుని బల్ల మీద జరిగి చోటిచ్చారు. టీ కూడా ఇప్పించారు. అప్పటినుంచి మోటారు వైర్ల దొంగ దొరికినా, మేకల దొంగ దొరికినా రమేష్‌బాబుకు కబురు. అంగట్లో తొలి బేరం మంచి చేత్తో జరగాలన్నట్టు, మొదటి దెబ్బ ఈయన చేత్తోనే పడాలని ఊరికి ఒక నమ్మకం కుదిరింది. ఆయన వచ్చేదాకా ఎవరూ చెయ్యెత్తరు. ఆయన కొట్టాక ఎవరూ చెయ్యి దించరు.

ఆ జేబుదొంగకు ఒక చెవి వినబడకుండా పోయిందని తర్వాతెప్పుడో తెలిసింది. ఆ రోజు రమేష్‌బాబు అన్నం తినలేదు. మర్నాడు మాత్రం బంకుకు పోయి టీ తాగాడు. బల్ల మీద చోటు రుచి మరిగినవాడికి మళ్లీ రాయి మీద కూర్చోవడం కష్టం.

ఇక మొన్నటి సంగతి. ముసురు పట్టి పది రోజులు పనుల్లేవు. ఇంట్లో రేషన్ బియ్యం తప్ప కూరకు ఆకుగాని కాయగాని లేదు. ఊళ్లో పెద్ద రైతు పెంచలప్రసాద్ కొత్త మేడ కట్టి, గుమ్మానికి దిష్టి గుమ్మడికాయ వేలాడదీశాడు. బూడిద గుమ్మడి, పసిబిడ్డంత ఉంది. దిష్టి కాయ తింటే ఆ ఇంటి దిష్టంతా తిన్నవాడికి చుట్టుకుంటుందని అందరికీ తెలుసు, రమేష్‌బాబుకూ తెలుసు. కానీ దిష్టి తగలడానికి తన దగ్గర ఏముందని ఆలోచిస్తే ఎంతకీ ఏమీ తట్టలేదు. మధ్యాహ్నం వాళ్లు నెల్లూరు పోయిన సమయం చూసి కాయ కోసి భుజాన పెట్టుకుని వచ్చేశాడు. భార్య కోటమ్మ కాయ మీది కుంకుమ బొట్లు చూసింది, మొగుడి మొహం చూసింది. బొట్లు కడిగేసి పులుసు పెట్టింది. కూతురు చైత్ర మూడుసార్లు పెట్టించుకుంది.

మర్నాడు పొద్దున్నే పెంచలప్రసాద్ బోరు మోటారు కాలింది. గేదె పాలు పితకనీయకుండా తన్నింది. రెండూ చూసుకుని తలెత్తితే గుమ్మానికి కాయ లేదు. కాయ ఎత్తుకుపోయి ఎవడో చేతబడి చేశాడని ఫోన్ల గ్రూపులో మెసేజి తిరిగింది. పాపం, సరిగ్గా అప్పుడే సైమన్ మోపెడ్ మీద ఊళ్లోకి వచ్చాడు. ఆత్మకూరు మనిషి, రాలిన జుట్టు తీసుకుని స్టీలు గిన్నెలిచ్చే బేరం. జనం సంచి విప్పి చూస్తే నిండా ఆడవాళ్ల వెంట్రుకల ఉండలు. ఇంకేం సాక్ష్యం కావాలి? సైమన్‌ను కరెంటు స్తంభానికి కట్టేశారు. ఒకడు అతని మోపెడ్‌లోని పెట్రోలే సీసాలోకి పడుతున్నాడు. ఇంకొకడు రమేష్‌బాబు కోసం పరుగెత్తాడు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని పెద్దలు ఊరికే అనలేదు. స్తంభం దగ్గరికి రాగానే రమేష్‌బాబు ఎడమ భుజం దురద మొదలైంది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. పెట్రోలు సీసా కంటబడింది. కొడితే ఈ మనిషి ఇంటికి పోడు. కొట్టకపోతే తను మళ్లీ ముంపోడు. నిజం చెబితే ఆ స్తంభానికే తను.

"జుట్టు కొనుక్కునేవోణ్ణి అన్నా," అన్నాడు సైమన్. "గుమ్మడికాయ నాకెందుకు?"

"రమేషా, ఇంక కానీరా," అన్నాడు పెంచలప్రసాద్.

రమేష్‌బాబు చెయ్యెత్తాడు. వెనకాల నలభై చేతులు లేచాయి. ఆ నిమిషంలో ఆయనకు తేన్పు వచ్చింది. చింతపండు, మెంతులు, గుమ్మడికాయ, అన్నీ గొంతులోకి వచ్చి సాక్ష్యం చెప్పాయి. ఎత్తిన చెయ్యి ఫెడీమని తన చెంప మీదే పడింది.

"కాయ నేనే కోసినాను," అన్నాడు. "పులుసు పెట్టుకోని తిన్నాము. ఇంకా గిన్నెడు ఉండాది, వచ్చి చూసుకోండి."

పెంచలప్రసాద్ నోరు తెరిచాడు.

"దిష్టి కాయ తిన్నారా?"

"ఆకలైందన్నా."

వీణ్ణి కొట్టండ్రా అని పెంచలప్రసాద్ అరిచాడు. లేచిన చేతులు లేచినట్టే ఉన్నాయి. అలవాటు కొద్దీ అందరూ బోణీ కోసం రమేష్‌బాబు వైపే చూశారు. ఆయన బోణీ ఆయన చెంపకే అయిపోయింది. తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడు మేనమామను ముందుకు తోస్తే, ఆయన రెక్క నొప్పి అన్నాడు. ఇంకొకడు వీడియో తీస్తున్నాను, చెయ్యి ఖాళీ లేదన్నాడు. లేచిన చేతులు ఒక్కొక్కటే తల గోక్కోవడానికీ, తువ్వాలు సర్దుకోవడానికీ దిగాయి. సీసావాడు పెట్రోలు మళ్లీ మోపెడ్‌లోనే పోశాడు.

"అన్నా, నన్నిప్పితే నేనన్నా కొడతాను," అన్నాడు సైమన్ స్తంభం దగ్గర్నుంచి. "ఇంకా రెండూళ్లు తిరగాల."

ఎవరో కిసుక్కున నవ్వారు. జనం ఒకసారి నవ్వాక మళ్లీ కొట్టలేరు. సైమన్‌ను విప్పారు. అతను ఎవరినీ కొట్టలేదు. రమేష్‌బాబు వెంట ఇంటికి పోయి, కోటమ్మ పెట్టిన అన్నమూ మిగిలిన పులుసూ తిని, ఉప్పు తగ్గిందని చెప్పి వెళ్లాడు.

ఇప్పుడు రమేష్‌బాబుకు బల్ల లేదు, రాయే. పేరు కూడా గుమ్మడికాయ రమేష్‌బాబు అయింది. చైత్రను బడిలో అదే మాటతో ఏడిపిస్తున్నారు, అది మాత్రం ఆయనకు ముల్లులా గుచ్చుకుంటుంది.

పోయిన నెల మోటారు వైర్ల దొంగ ఒకడు నిజంగానే దొరికాడు. ఊరంతా చుట్టూ నిలబడింది. పోలీసులు వచ్చేదాకా నిలబడే ఉంది. ఒంటి మీద గీత కూడా లేని దొంగను చూసి కానిస్టేబుల్ తెల్లబోయి, ఎవరూ కొట్టలేదా అని అడిగాడు.

"బోణీ చేసేవోడు లేడు సార్," అన్నాడు పెంచలప్రసాద్ దిగులుగా.

రమేష్‌బాబు వెనక వరసలో నిలబడి, నిమ్మళంగా ఎడమ భుజం గోక్కున్నాడు.