సత్తయ్య మామ కుడిచెయ్యి

మొన్న హన్మకొండలో ఒక దుకాణంలో కొత్త జంపఖానా విప్పి పరిచారు. ఆ నూలు వాసనకి కొత్తవాడలో మా ఇల్లు, మా బాపు గుర్తొచ్చారు.

అప్పుడు నాకు ఏడేళ్లు. బాపు, పక్కింటి సత్తయ్య మామ ఒకే వెడల్పాటి మగ్గం మీద పక్కపక్కన కూర్చుని జంపఖానాలు నేసేవాళ్లు. ఎలక్షన్లలో మామ ఎదుటి పార్టీ జెండా కట్టాడు. మా వాడ లీడరు మా ఇంటికొస్తే నేనే చెంబుతో నీళ్లిచ్చాను. ఆయన బాపుతో, “సత్తయ్యకు జర బుద్ధి చెప్పుండ్రి” అన్నాడు. మా పంతులులాగా కూర్చోబెట్టి చెప్తారనుకున్నాను. అమ్మ మాత్రం గడపకు అడ్డం నిలబడింది.

“మగోళ్ల ముచ్చట్ల నీకేం పని?” అని బాపు ఆమెను పక్కకు నెట్టి, నలుగురితో కలిసి వెళ్లాడు.

మామ కుడిచెయ్యి విరిగింది. మళ్లీ మగ్గం మీద కూర్చోలేకపోయాడు.

మర్నాడు దవాఖాన నుంచి వచ్చిన అత్త మా వాకిట్లో నిలబడి అడిగింది. “అన్నా, ఆయన నీకేం చేసిండు?”

“ఏం చెయ్యలే, చెల్లె. పెద్దాయన చెప్పిండు,” అన్నాడు బాపు తల వంచుకుని.

మామ మీద బాపుకు ఏనాడూ కోపం లేదు. కోపంతో కొట్టి ఉంటే, అది చల్లారాక వెళ్లి తప్పయిందని చెప్పేవాడేమో. బతికినన్నాళ్లూ బాపు మళ్లీ మామ ఇంటి గడప తొక్కలేదు.