పరేల్ గది, లాల్‌దర్వాజా ఇల్లు

డెబ్బైల చివర్లో నాకు బొంబాయి నుంచి హైదరాబాదుకు బదిలీ అవకాశం వచ్చింది. ఒప్పుకోవాలా వద్దా అన్నది ఊరి ధరలు చూశాకే తేల్చుకుందామని ఒక్కదాన్నే బయల్దేరాను. నేను తంతి ఆఫీసులో గుమస్తాని, మా ఆయన ప్రెస్సులో కంపోజిటరు. పరేల్‌లో ఒకే గదిలో బావగారి కుటుంబంతో కలిసి ఆరుగురం ఉండేవాళ్లం. చోటు చాలక మూడేళ్ల మా రమను ఏడాదిన్నరగా వరంగల్‌లో మా అక్క దగ్గర ఉంచాం. హైదరాబాదు ఖర్చు మాకు అందితే పాప మాతో ఉంటుంది. అందకపోతే అక్కడే.

రాత్రంతా ప్రయాణం చేసి పొద్దున నాంపల్లిలో దిగాను. లాల్‌దర్వాజాకు రిక్షా అతను మూడు రూపాయలడిగి రెండుకు వచ్చాడు. బొంబాయిలో టాక్సీకి ఎంతవుతుందో చెబితే, అంత పెట్టి ఎక్కేవాళ్లు ఎక్కడికి పోతారని అడిగాడు. దారిలో తాగిన చాయ్ ధర పరేల్ ధరే. చాయ్‌ని బట్టి ఊరిని అంచనా వెయ్యకూడదని అప్పుడే అర్థమైంది.

తెలిసినవాళ్లు చెప్పిన అద్దె ఇల్లు మహంకాళి గుడి వెనక సందులో ఉంది. రెండు గదులు, వంటిల్లు, నెలకు తొంభై రూపాయలు. నల్లా పొద్దున ఒక్క గంటే వస్తుందట. బొంబాయిలోలా ఇంట్లో దిగడానికి ముందే వేలకు వేలు పగిడీ కట్టే గొడవ లేదు, ఒక నెల అడ్వాన్సు చాలంది ఇంటామె. ఆమె భర్తది బేగంబజార్‌లో పప్పుల దుకాణం కాబట్టి సరుకుల ధరలన్నీ ఆమె నోటి మీదే ఉన్నాయి. బియ్యం, కందిపప్పు ఇక్కడే చవక. కానీ నాకొచ్చే సిటీ అలవెన్సు తగ్గుతుంది, మా ఆయన పని వెతుక్కోవాలి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టుంది వ్యవహారం. ఎటు కూడినా మిగిలేది ఇరవై రూపాయలు, అదీ పాలు కలపకుండా.

“పాలకు ఫికర్ ఎందుకు బిడ్డా? గౌలిపుర ఎంత దూరం? నీ ముంగట్నే పిండిపిస్త” అని ఇంటామె వెంట వచ్చింది. అక్కడ బర్రె దగ్గర కూర్చున్న పాలామె లీటరు రెండున్నర అని చెప్పి, ఇంట్లో ఎందరని అడిగింది. ఇద్దరం, ఒక పాప అన్నాను.

“పొల్ల పూటకెంత తాగుతది?”

పావు లీటరన్నాను.

“మా పాలు మస్తు చిక్కగుంటయి. పొల్లకు అరుగుతయా? నీళ్లు కలిపి తాపుతున్నవా?”

పాలమ్మే మనిషే నీళ్ల సంగతి అడగడం బొంబాయిలో నేనెన్నడూ వినలేదు. నవ్వబోయి ఆగిపోయాను. అక్క రమకు పాలెలా తాపుతుందో నాకు తెలియదు. పావు లీటరన్నది కూడా నోటికొచ్చిన మాటే. ఇంటామె నా వైపు తిరిగి, “నీ బిడ్డనే గదా?” అంది మెల్లగా. అవునన్నాను. నిలువునా సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

ఇంటామెకు అడ్వాన్సు ఇచ్చేశాను. సాయంత్రం బొంబాయి బండి ఎక్కకుండా, సికింద్రాబాదు వెళ్లి వరంగల్ టికెట్ కొన్నాను. లెక్క తేలాక పాపను తెచ్చుకుందామని ఇన్నాళ్లూ అనుకున్నాను. పాప ఇంట్లో ఉంటేగాని ఆ లెక్క తేలదని తెలియలేదు. రెండు ఊళ్ల ఖర్చులు పోల్చడానికి వెళ్లేవాళ్లకు ఒక్కటే చెబుతాను, పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. పాలామె అడిగినదానికి వాళ్లయితే జవాబు చెప్పగలరు.